ఒకే పెట్టెలో రెండు వూఫర్లు

"తప్పు నాదంటారా, మా ఆవిడదంటారా? ఒక్క ముక్క చెప్పండి గురువుగారూ, దానికి కట్టుబడి ఉంటాను" అని వీరబాబు అడిగినప్పుడు లోవరాజుగారు నా కారు డిక్కీలో తల దూర్చి ఉన్నారు.

కాకినాడలో సర్పవరం రోడ్డు మీద కార్లకు స్పీకర్లు బిగించే కొట్టు ఆయనది. ఎవరేం అడిగినా ఆయన వెంటనే జవాబు చెప్పరు. అడిగినవాడి చేతిలో స్క్రూడ్రైవరో తీగ ముక్కో పెట్టి పనిలోకి లాగుతారు. కొత్తవాళ్ళు దాన్ని పొగరనుకుంటారు.

వీరబాబు ఆయన దగ్గర పని నేర్చుకుని పిఠాపురంలో సొంత కొట్టు పెట్టుకున్నవాడు. నలభై దాటినా గురువుగారి ముందు ఇంకా కుర్చీలో కూర్చోడు. ఆ మధ్యాహ్నం మాత్రం అతను పని మీద రాలేదు. ఇంటి గొడవ మీద వచ్చాడు. భార్యాభర్తలకు ఒక్కతే కూతురు, లాస్య. పదో తరగతి అయింది. తల్లి తెల్లవారకముందే లేపి ఇంటర్ పాఠాలు ఇప్పట్నించే చదవమంటుంది. తండ్రి ఆ పిల్ల కళ్ళు చూసి జాలిపడి మళ్ళీ పడుకోమంటాడు. తల్లి ఫోను దాచేస్తే తండ్రి తన ఫోను ఇస్తాడు. ఇద్దరి తాపత్రయమూ పిల్ల కోసమే. ఆ పిల్ల మాత్రం కొన్నాళ్ళుగా ఇద్దరితోనూ మాటలు తగ్గించేసి, చివరికి తనను రాజమండ్రిలో హాస్టల్లో చేర్చేయమని అడిగింది. సోమవారం తీసుకెళ్ళాలి.

"పిల్లలు హాస్టలంటే ఏడుస్తారండీ. ఇది తనంతట తనే వెళ్ళిపోతానంటోందండీ" అన్నాడు వీరబాబు. పరాయివాణ్ణి, నాకు అక్కణ్ణించి లేచిపోవాలనిపించింది. కానీ విప్పి పెట్టిన కారు నాదాయె.

ఆ కారు జబ్బు వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. వెనక ఒకే పెట్టెలో డప్పుమోత పలికించే స్పీకర్లు, వూఫర్లు, రెండున్నాయి, రెండూ పెద్దవే. పాటలో డప్పు మోగితే దెబ్బ వచ్చి గుండెల మీద పడాలని నా ఆశ. వినబడేది మాత్రం పక్కింట్లో ఎవరో చాప దులుపుతున్న చప్పుడు. ఆంప్లిఫయరు చాలడం లేదని వేరే ఊళ్ళో ఒకాయన ఇంకా పెద్దది అంటగట్టాడు. దాంతో చాపను ఇంకాస్త కసిగా దులిపినట్టయింది, ఆంప్లిఫయరు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. ఈ వయసులో నీకీ దడదడలెందుకని మా ఇంట్లో దెప్పుతారు. వాళ్ళకేం తెలుసు డప్పు రుచి!

లోవరాజుగారు వీరబాబు చేతిలో కరెంటు కొలిచే మీటరు పెట్టారు. "ముందు దీని సంగతి చూడు."

అతను కళ్ళు తుడుచుకుని వరసగా చూసుకొచ్చాడు. బ్యాటరీ నుంచి కరెంటు సరిగానే వస్తోంది. ఫ్యూజు పోలేదు. ఎర్తు తీగ, రంగు గీకిన ఇనుము మీదే గట్టిగా బిగించి ఉంది. ఆంప్లిఫయరు దీపం పచ్చగా వెలుగుతోంది. "ఇవన్నీ బాగానే ఉన్నాయండీ. వూఫర్ పోయుంటుంది" అన్నాడు.

"ఏది?"

ఎడమదాని తీగలు ఊడదీసి కుడిదాన్ని ఒక్కదాన్నే వాయించాడు. డప్పు దెబ్బకి డిక్కీ అద్దం జల్లుమంది. తరవాత కుడిది ఊడదీసి ఎడమదాన్ని వాయించాడు. అదీ అంతే. నేను సంతోషం పట్టలేక లేచి నిలబడ్డాను. రెండూ కలిపి వాయించాడు. మళ్ళీ చాపే.

ఒకటి మోగితే వచ్చే చప్పుడు రెండు మోగితే మాయమైపోవడం ఏమిటో నాకు అంతుపట్టలేదు. పెట్టె చుట్టూ తిరిగి చూశాను, వంగి వాసన కూడా చూశాను. వీరబాబుకి ఇది తెలియని సంగతేం కాదు. పిఠాపురంలో తన కొట్టులో అయితే ఇట్టే పట్టేసేవాడు. ఆ రోజు అతని బుర్ర ఇంట్లోనే ఉండిపోయింది.

లోవరాజుగారు గోడ గడియారంలోంచి చిన్న బ్యాటరీ తీసి అతనికి అందించారు. దాన్ని ఎడమ వూఫర్ తీగలకు తాకించగానే దాని నల్లటి అట్ట ముందుకు ఉబికింది. కుడిదానికి అదే తీరులో తాకిస్తే అట్ట లోపలికి పోయింది. పెట్టె చేసినవాడెవడో లోపల ఒకదాని తీగలు తారుమారుగా కలిపి మూత అంటించేశాడు. ఒకటి గాలిని బయటికి తోస్తున్నప్పుడల్లా రెండోది ఆ గాలినే లోపలికి లాగేసుకుంటోంది. రెండూ ప్రాణం పెట్టి పనిచేస్తున్నాయి, మన చెవిదాకా వచ్చేది మాత్రం ఏమీ లేదు. పెద్ద ఆంప్లిఫయరు తగిలించి నేను ఆ తగవుకి ఇంకాస్త బలం పోశానన్నమాట.

వీరబాబుకి ఒక్కసారిగా హుషారొచ్చింది. గబగబా ఎడమదాని తీగలు అటుదిటు, ఇటుదటు తిప్పాడు. అంతలో, లోపలికి పోయింది కుడిది కదా అని గుర్తొచ్చిందో ఏమో, దాని తీగలూ తిప్పేశాడు. పాట పెట్టాడు. మళ్ళీ చాపే! నాకు నవ్వాగలేదు.

అతను నవ్వలేదు. చేతిలో తీగను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"మొన్న మేమూ ఇదే చేశామండీ" అన్నాడు. "పోనీ ఆవిడ చెప్పేదే సరైందేమోనని పొద్దున్నే పిల్లని లేపి నేను కేకలేశానండీ. పోనీ నేను చెప్పేదే నిజమేమోనని ఆవిడ అదే రోజు పిల్లకి ఫోను ఇచ్చేసి, చదివింది చాల్లే పడుకోమందండీ. ఒకళ్ళకొకళ్ళం చెప్పుకోలేదండీ. సాయంత్రం చూస్తే పిల్ల సంచీలో బట్టలు సర్దుకుంటోందండీ."

నా నవ్వు నోట్లోనే ఆగిపోయింది. ఆ పిల్లను నేనెన్నడూ చూడలేదు. అయినా ఆ సంచీ కళ్ళముందు కనబడి బాధేసింది.

"ఎడమదాన్ని ఎప్పటిలా పెట్టెయ్" అన్నారు లోవరాజుగారు. పెట్టాడు. డప్పు నేరుగా వచ్చి నా గుండెల మీద పడింది. రోడ్డవతల సోడాలమ్మే ఆయన ఉలిక్కిపడి మావైపు చూశాడు. "ఇప్పుడు కుడిదాన్ని ఎప్పటిలా పెట్టి, ఎడమదాన్ని తిప్పు." తిప్పాడు. అదే డప్పు, అదే దెబ్బ. రవ్వంత తేడా లేదు.

"మరి తప్పు ఏ వూఫర్‌దిరా?" అని అడిగారు ఆయన.

వీరబాబు వేలు కుడిదాని మీదికి పోయి, ఎడమదాని మీదికి వచ్చి, వెనక్కి తగ్గింది. నేనూ మనసులో ఒకదాని పేరు చెప్పబోయి మానుకున్నాను.

చివరికి అతను చేతులు తుడుచుకున్నాడు. వచ్చినప్పటికంటే ముఖం తేటగా ఉంది. "అర్థమైందండీ. ఇవాళే ఇంటికెళ్ళి ఇదంతా మా ఆవిడకి చెబుతానండీ. తన తీగలు ఎలా తిప్పుకోవాలో తనే తెలుసుకుంటుంది" అన్నాడు ఎంతో నమ్మకంగా.

లోవరాజుగారు డిక్కీ మూసి అతని వంక చూశారు.

"నీ చేతికి దగ్గరున్నది తిప్పరా. తిప్పానని ఆవిడతో చెప్పు."