పుస్తకంలో దెబ్బ తినేవాడు

బందరు రేవులో సాముగరిడీ నడిపే నాంచారయ్యగారిని శిష్యుడు గవరయ్య ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, రెండేళ్ళుగా ఈ పుస్తకంలో నాది పడేవాడి వంతే. కొట్టే వంతు నాకెప్పుడొస్తుందండీ?"

గురువుగారు కత్తికి నూనె రాసి, పీట మీది పుస్తకంలో మరో పుట తిప్పారు.

ఆ పుస్తకం ఇటలీ దేశంలో ఎప్పుడో నూరేళ్ళ కిందట అచ్చయిన కత్తిసాము గ్రంథం. అలాంటిది ఈ తీరంలో మరొకటి లేదు. జబ్బుపడి రేవులో దిగిపోయిన ఓ నావికుడికి గురువుగారి భార్య మూడు నెలలు గంజి కాచి పోస్తే, కోలుకుని వెళ్ళిపోతూ అతను ఇచ్చిపోయాడు. ఆ అక్షరాలు ఎవరికీ రావు. నేర్చుకోవడానికి బొమ్మలే ఆధారం. ప్రతి పుటలోనూ ఇద్దరుంటారు. ఒకడు మోకాలు వంచి కత్తి చాస్తాడు. దాని మొన రెండోవాడి గుండె మీదో గొంతు మీదో ఉంటుంది. గురువుగారు పుట తెరిచి పీట మీద పెడితే మరో శిష్యుడు భద్రయ్య మొదటివాడిలా, గవరయ్య రెండోవాడిలా నిలబడాలి. కర్రకత్తులే అయినా సాయంత్రానికి గవరయ్య పక్కటెముకలు కమిలిపోయేవి. తోటివాళ్ళు నవ్వేవారు. తల్లి కాపడం పెడుతూ, "ఆ గరిడీ మానెయ్యరా నాయనా" అనేది. అతను మానలేదు గానీ లోలోపల కుమిలిపోయేవాడు.

ఆ వారంలోనే ఏటి అవతలి కోట నుంచి దొరగారి మనిషి వచ్చాడు. కోటలో సాము నేర్పడానికి ఒక శిష్యుణ్ణి పంపాలట. అందరి చూపూ భద్రయ్య మీదికే పోయింది.

గురువుగారు పుస్తకం తెప్పించి ఒక పుట తెరిచారు. ఈసారి అసలు కత్తి తీశారు. పైబట్ట పక్కన పెట్టి, దెబ్బ తినేవాడి చోట తానే నిలబడ్డారు.

"భద్రయ్యా, ఈ బొమ్మ చూపించు."

భద్రయ్య మెరుపులా దూకాడు. అచ్చం బొమ్మలాగే ఉంది. కాని మొన చర్మం దగ్గర ఆగలేదు. గురువుగారి ఎదమీద నెత్తురు చారిక దిగింది. భద్రయ్య కత్తి వదిలేసి కాళ్ళ మీద పడ్డాడు.

"లే, ఫరవాలేదు" అని గురువుగారు గాయాన్ని తువ్వాలుతో అద్దుకుని మళ్ళీ అక్కడే నిలబడ్డారు. "గవరయ్యా, నీ వంతు."

రెండేళ్ళు ఎదురుచూసిన వంతు. గవరయ్య కత్తి అందుకున్నాడు. అడుగు వేశాడు, చెయ్యి చాచాడు. సగం దూరంలో ఉండగానే తన రొమ్ములో, రెండేళ్ళుగా దెబ్బ తిన్న ఆ చోటే, కలుక్కుమంది. మొన గురువుగారి ఒంటి మీది చెమటను తాకి నిలిచిపోయింది. ఆయన ఊపిరి తీస్తే అదీ ఆయన ఊపిరితోనే కదిలింది.

దొరగారి మనిషి పెదవి విరిచాడు. "మొదటతని వేగం ముందు ఇతను తేలిపోయాడు కదండీ. దొరగారికి ఏమని చెప్పుకోను?"

నాంచారయ్యగారు పుస్తకం మూసి, గుడ్డలో చుట్టి గవరయ్య చేతికిచ్చారు.

"కోటలో నేర్చుకునేది ఎవరు బాబూ?"

"దొరగారి అబ్బాయండి. తొమ్మిదేళ్ళు."

"అయితే ఇతన్నే తీసుకెళ్ళు."