తాడు పట్టిన లింగమయ్య

నల్లమలలో బండ్లు ఆగే చోటి నుంచి వాగు వెంట నడిచి పైకెక్కితే తేనెకోన వస్తుంది. ఇక్కడి స్వామికి గోపురం లేదు, తలుపులు లేవు. ఇంకొక్క అడుగు వేస్తే పాతాళమే అన్నట్టుండే లోయ అంచున మోకాలెత్తు లింగం ఒక్కటే ఉంటుంది. దాని నడుము చుట్టూ తాడు ఒరిసినట్టు లోతైన గాడి. స్వామికి పూలమాల కన్నా ముందు నారతాడు చుడతారు. కొత్తగా వచ్చినవారు ఇదేం అలంకారమని నవ్వుకుంటారు. నవ్వనివ్వండి, కథ విన్నాక వాళ్ళే చేతులు జోడిస్తారు.

పూర్వం ఇక్కడి చెంచుగూడెంలో బయ్యన్న అనే అతను ఉండేవాడు. మనసు వెన్న, నోరు మాత్రం ఊరుకోదు. వాదం దొరికితే అతనికి అన్నం కూడా అక్కర్లేదు. పైగా చేతులు తిప్పనిదే మాట రాని మనిషి. ఒకసారి పొదలో ఉన్న ఉడుము ఆడదా మగదా అని తోటి వేటగాడితో తగువు పెట్టుకుంటే, అది తేలేలోగా ఉడుము తన దారిన తాను పోయింది.

అయితే ఒక్క వాదం మాత్రం అతనికి ప్రాణంతో సమానం. అతని తండ్రి ఈ లోయలోనే తేనె తీస్తూ పడి చనిపోయాడు. తేనెకు దిగేవాడి తాడు అతని భార్య తోడబుట్టినవాడే పట్టాలని గూడెం కట్టుబాటు. ఆనాడు పట్టింది బయ్యన్న మేనమామ. తాడు తెగిందని ఆయన మొత్తుకున్నాడు. భయపడి వదిలేశాడని లోకం అంది. తండ్రి లేని బయ్యన్నను గుండెల మీద పెంచినవాడు ఆ మేనమామే. ఆయన పోయాక కూడా బయ్యన్న కనబడ్డవాడితోనల్లా ఆ మాట మీదే వాదించాడు. ఒక్కరూ నమ్మలేదు, పాపం.

ఇలా ఉండగా బయ్యన్న చెల్లెలు ఈదమ్మ భర్త గురవన్న తేనెకు దిగే రోజు వచ్చింది. కట్టుబాటు ప్రకారం తాడు బయ్యన్నే పట్టాలి. ఈదమ్మ అప్పుడు నిండు నెలలతో ఉంది. అన్న సంగతి తెలిసిన పిల్ల కనుక ఎదురొచ్చి అతని రెండు చేతులూ పట్టుకుంది.

“అన్నా, ఈ పూట ఎవరేమన్నా సరేనను. నా బతుకంతా నీ చేతుల్లో పెడుతున్నా.”

గురవన్న నడుముకు తాడు బిగించుకుని, పొగ పెట్టి, అంచు దాటి దిగాడు. తుట్టె దగ్గరకు చేరాడో లేదో, ఎక్కడినుంచి వచ్చాడో ఒక ముసలి జంగం వచ్చి సరిగ్గా అంచు మీద కూర్చున్నాడు. తీరిగ్గా ఒక చెయ్యి తాడు మీద వేశాడు. కింద ఉన్నది పుట్టతేనె అన్నాడు. నేల మీది పుట్టల్లో దొరికే పుట్టతేనె కొండకొమ్మున ఏమిటి! బయ్యన్న నాలుక దురద పెట్టింది. అయినా సరే సామీ అన్నాడు. కుంగుతున్న సూర్యుణ్ణి చూపించి జంగం పొద్దు పొడుస్తోందన్నాడు. బయ్యన్న ఎడమ చెయ్యి లేవబోయింది. చెల్లెలి ముఖం గుర్తొచ్చి మళ్ళీ బిగించి పట్టుకుని, దానికీ సరేనన్నాడు.

అప్పుడు జంగం మెల్లగా అడిగాడు. “మీ మేనమామ పిరికివాడై తాడు వదిలేసింది ఇక్కడే కదా?”

బయ్యన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికైనా చెయ్యి తీయలేదు.

“మీరన్నట్టే కానివ్వండి సామీ. నా చేతిలో తాడుంది.”

కింద గురవన్న తాడు కదిపాడు. బయ్యన్న శక్తికొద్దీ లాగాడు. తేనెకుండతో బావ క్షేమంగా పైకి వచ్చి బండ మీద చతికిలబడ్డాడు. బయ్యన్న నీళ్ళు నిండిన కళ్ళతో తాడు చుట్టబోయి అలాగే నిలిచిపోయాడు. తాడు రెండు ముక్కలై ఉంది. ఒక ముక్క తన చేతిలో, ఒకటి గురవన్న నడుముకు. అంచున కత్తిలాంటి రాతి మొన మీద తెగిన నారపోగులు. ఆ రెండు ముక్కల మధ్య ఏమీ లేదు. జంగం కూర్చున్న చోట ఈ లింగం ఉంది, దాని నడుమున వేడి ఆరని గాడి ఉంది.

గూడెమంతా పరుగెత్తుకొచ్చింది. తెగిన తాడునూ రాతి మొననూ అందరూ తడిమి చూశారు. ఇన్నేళ్ళూ నమ్మని ముసలివాళ్ళు ఒక్కొక్కరే మోకరిల్లి బయ్యన్న మేనమామ పేరు చెప్పి క్షమించమని ఏడ్చారు. బయ్యన్న ఎవరినీ ఏమీ అనలేదు.

ఆ రాత్రి స్వామి అతని కలలోకి వచ్చాడు. “నువ్వు వాదించి ఉంటే నేనూ బదులు చెప్పాల్సి వచ్చేది. నీతో వాదమంటే నేను మాత్రం తాడు మీది చెయ్యి ఎత్తకుండా ఉంటానా? నన్నిక్కడే ఉంచి తాడు చుట్టండి” అన్నాడట.

బయ్యన్న వంశం వారే నేటికీ పూజారులు. మాటామాటా పెరిగి విడిపోయిన అన్నదమ్ములు, ఆలుమగలు, తోడికోడళ్ళు ఇక్కడికి కలిసి వస్తారు. ఒకరు స్వామివారి తాడు రెండు చేతులా పట్టుకుంటే, ఇంకొకరు మనసులో ఉన్నదంతా అనాలి. పట్టుకున్నవారు “నా చేతిలో తాడుంది” అనడమే తప్ప బదులు చెప్పకూడదు. తర్వాత వంతు మారాలి. చాలామంది వంతు మారకముందే ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తారు. అప్పుడు ఇద్దరి నాలుకకూ తేనె రాస్తారు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరైనా కయ్యానికి కాలు దువ్వితే, పెద్దలు ఇప్పటికీ “నా చేతిలో తాడుంది” అని తమ దారిన తాము పోతారు.

భక్తులు స్వామిని సంతానం కోరవచ్చు, వాన కోరవచ్చు, ఇంటిల్లిపాదికీ చల్లని బతుకు కోరవచ్చు. వాదంలో గెలిపించమని మాత్రం ఇక్కడ ఎవరూ మొక్కకూడదు. ఆ వరం ఇవ్వడానికి లింగమయ్యకు చెయ్యి ఖాళీ లేదు.