గింజ లేని తొడుగు

ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పే అలవాటు డాక్టర్ సువార్తమ్మకు లేదు. చేతికేదో పని అంటగట్టేది. సంగతి తెలుసు కాబట్టి, హైమ ఆ ఉదయం ల్యాబులో గ్లోవ్స్ తొడుక్కునే అడిగింది.

"భాస్కరరావు సారు తన గ్రూపులోకి రమ్మంటున్నారు మేడం. ప్రాజెక్టు నాదే, పేరు ఆయనదట. 'ఆడపిల్లవి, ఓ గట్టి మనిషి లేకపోతే గ్రాంటు కమిటీ ముందు కూలిపోతావు' అన్నారు. రేపు సాయంత్రంలోగా చెప్పాలి. ఒప్పుకోనా?"

ఆ ఆడపిల్లకు ముప్పై నాలుగేళ్లు. సొంత పద్ధతి ఉంది, దానిమీద నమ్మకమే లేదు.

"నీ తొడుగులు ఎంతవరకొచ్చాయి?" అంది సువార్తమ్మ.

హైమ చేసేది బోలు నానో కణాలు. వెంట్రుక కంటే వందల రెట్లు సన్నని గాజు గింజలకు పాలిమర్ తొడుగు వేసి, ఆ గింజను క్షారంలో కరిగించెయ్యాలి. ఖాళీ అయిన తొడుగులో వాయువు నింపి రక్తంలోకి ఎక్కిస్తే, దాక్కున్న గడ్డ కూడా స్కాన్‌లో దొరికిపోవాలి. ఏడాదిగా బొమ్మ మసకగానే వస్తోంది. గింజ పూర్తిగా కరగకముందే హైమ వాటిని క్షారంలోంచి తీసేసేది, లోపల కాస్త ఆసరా ఉండనీ అని. ఆ సలహా కూడా సారుదే.

సువార్తమ్మ తొడుగులున్న ట్యూబులో క్షారం పోసి, దానికి అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చుంది.

"ఇవాళ తియ్యడం లేదు."

"నలిగిపోతాయి మేడం! ఉన్నవన్నీ ఇవే!"

"నలిగితే నలగనీవే. చూద్దాం."

హైమ చెయ్యి ఆగక ముందుకెళ్లింది. సువార్తమ్మ దానిమీద చిన్న దెబ్బ వేసింది.

రాత్రంతా ఆరబెట్టి, మర్నాడు వాయువు నింపి, ఒంటికి బదులుగా వాడే జెల్లీ దిమ్మలోని సన్నని గొట్టంలోకి ఎక్కించారు. హైమ స్కాన్ మీట నొక్కి కళ్లు మూసుకుంది. తెరిచేసరికి తెరమీద గొట్టం పొడుగునా తెల్లటి వెలుగు, పాలు పొంగినట్టు. ఆమె కేకకు పక్క గదుల్లోవాళ్లు పరుగెత్తుకొచ్చారు.

"నిలబడ్డాయి మేడం! లోపల ఏమీ లేదు, అయినా నిలబడ్డాయి! ఎంత వెలుగో చూడండి!"

బల్లమీద ఫోన్ మోగుతోంది. భాస్కరరావు. హైమ దానికేసి చూసింది, తర్వాత సువార్తమ్మకేసి.

సువార్తమ్మ తెరమీంచి చూపు తిప్పలేదు.

"కూలిపోతాయని ఇన్నాళ్లూ నీకు చెప్పిందెవరే? గింజే కదూ?"