పరదా సర్పంచ్

బొంతలవలసలో పెళ్లిపందిళ్లు అలంకరించే దాలినాయుడు అనే ఆయన ఉండేవాడు. ఏ లోపాన్నయినా బాగుచేయడం కన్నా గుడ్డ కప్పేయడమే సులువనుకునేవాడు. పెచ్చులూడిన గోడ ఉంటే పరదా. పక్కన పెంటకుప్ప ఉంటే ఇంకో పరదా. ఒక్క రాత్రి పెళ్లికి అంతకన్నా ఏం కావాలి? అందరూ మెచ్చుకునేవారు. ఆ మెప్పుతోనే సర్పంచ్‌గా గెలిచాడు.

పందిళ్లు వేసేవాడు సర్పంచ్ కాకూడదా? నిక్షేపంగా కావచ్చు. కానీ ఈయన కుర్చీ మారినా పాత అలవాటు మార్చుకోలేదు. నీళ్ల ట్యాంకు కారుతోందంటే దాని చుట్టూ జరీ కుచ్చులు కట్టించాడు. వీధి దీపాలు వెలగడం లేదంటే రెండు రోజులు రంగుల బల్బులు వేలాడదీసి, మూడో రోజు విప్పించేశాడు. ఏం చెప్పాలి ఇలాంటివాడికి!

ఇంతలో అంగన్‌వాడీ ముందు మురుగుకాలవ మీది సిమెంటు పలక విరిగి గొయ్యి పడింది. టీచరు పైడమ్మ ఆ గోతిలో ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతి, పిల్లల్ని పక్కనుంచి ఒక్కొక్కరినే చెయ్యి పట్టుకుని దాటించేది. సర్పంచ్ ఇంటికి తిరిగి తిరిగి ఆమె చెప్పులరిగాయి.

"బాబూ, పలక ఇరిగిపోనాది. పిల్లలు పడిపోతే ఏటి గతి?" అంది.

"పంద్రాగస్టుకి ఆఫీసరుగారొస్తున్నారు. ఆ పాటికి గొయ్యి నీ కంటికి కనపడితే ఒట్టు!" అన్నాడు దాలినాయుడు.

పైడమ్మ పొంగిపోయింది. పాపం, ఆ మాటకు అర్థం కంటికి కనపడకపోవడం వరకేనని ఆమెకేం తెలుసు?

జెండా పండుగ ఉదయం ఆమె లోపల పిల్లలకు తలలు దువ్వుతుంటే, దాలినాయుడు బయట కర్ర పీకించాడు. గోతి మీద థర్మాకోల్ అట్ట వేయించి, పైన పచ్చ తివాచీ పరిపించాడు. ఊరివాళ్లకు గొయ్యి సంగతి తెలుసు, ఆఫీసర్ని తానే పక్కనుంచి తీసుకొస్తాలే అనుకున్నాడు. ఆఫీసరు రాగానే దండ సర్దే హడావిడిలో పడ్డాడు. అతని మనవరాలు బుజ్జి కూడా అక్కడి పిల్లే. అప్పుడే ఇంటి నుంచి వచ్చి, గుమ్మంలో టీచరమ్మను చూసి తివాచీ మీదుగా పరుగు తీసింది.

ఫట్‌మని అట్ట విరిగింది. పిల్ల కాలవలో పడిపోయింది!

దాలినాయుడు పట్టుపంచెతోనే మురుగులోకి దూకి పిల్లను పైకి తీశాడు. బుజ్జి చెయ్యి విరిగింది. నుదురు చిట్లి రక్తం కారుతోంది.

"అటెందుకెళ్లావే, నా తల్లీ?" అని ఏడ్చాడు.

"కర్ర ఉన్న చోటికెళ్లొద్దని టీచరమ్మ చెప్పింది తాతా. కర్ర లేదు కదా!" అంది బుజ్జి వెక్కుతూ.

పైడమ్మ పిల్ల నుదుటికి కొంగు అదిమి పట్టింది.

"గొయ్యి కనపడినన్నాళ్లూ ఒక్క పిల్లా పడలేదు బాబూ. కప్పెట్టావు, పడింది," అంది.

పిల్లకు కట్టు కట్టించి వచ్చిన మర్నాడే దాలినాయుడు తాపీమేస్త్రిని పిలిచాడు. పలక పోస్తున్నంతసేపూ ఎండలో నిలబడి, కమ్మీ ఎంత, సిమెంటు ఎంత అని అడిగి తెలుసుకున్నాడు. ఆ తర్వాతే ట్యాంకు మీది కుచ్చులు విప్పించాడు. ఈ బుద్ధేదో గెలిచిన రోజే ఉంటే ఆ పసిదాని చెయ్యి బాగుండేది కదా!

నీతి: ఓటు మనిషికి పదవి ఇస్తుంది గానీ పని నేర్పదు, ఏ వృత్తి నుంచి వచ్చినవారైనా కొత్త పనిని మొదటినుంచీ నేర్చుకోవాలి, లేకపోతే ఆ లోటుకు పసివాళ్లు దెబ్బ తింటారు.