తెలివైన కోడికి ప్రత్యేకమైన గంప

చెరుకు తోట పక్కనున్న పశువుల పాకలో మూడు కోళ్లు పొదుగుతున్నాయి. ఇరవై ఒక్క రోజులు కదలకుండా కూర్చోవడమంటే మాటలా? కాళ్లు తిమ్మిరెక్కి, ప్రాణం విసిగిపోయి ఉన్నాయి పాపం. సరిగ్గా ఆ అదను చూసే నక్క జంబయ్య తోటలో దుకాణం తెరిచాడు. అతను ప్రచారానికి పెట్టుకున్న కాకి గడ్డివాము ఎక్కి ఒకటే కేకలు.

"జంబయ్య గంప, వెచ్చని గంప! గుడ్లు ఇందులో ఉంచి షికారెళ్లండి, తిరిగొచ్చి పిల్లల్ని తీసుకెళ్లండి!"

మూడో రోజుకి పాకంతా అదే పాట. ఎద్దు నెమరు కూడా ఆ తాళానికే వేస్తోంది.

"ఒసే ఎర్రదానా, నాకు లేవబుద్ధేస్తోందే!" అంది నల్లకోడి.

"నాకూ అంతేనే! నేను లేస్తే నువ్వు పొడువు. నువ్వు లేస్తే నేను పొడుస్తా."

ఇక చూడండి, పొడుచుకోవడమే పొడుచుకోవడం. మూడోది చుక్కమ్మ పడీపడీ నవ్వింది.

"సిగ్గులేదటే? కాకి అరిస్తే కరిగిపోతారా? ఇలాంటివి నా చెవికెక్కవు!" అని కూనిరాగం అందుకుంది. ఏ పాటో చెప్పాలా?

కాకి ఆ కబురు మోసింది. జంబయ్య స్వయంగా కంచె దగ్గరకొచ్చాడు.

"చుక్కమ్మగారూ, దండాలు. ఆ గంప మీకు కాదులెండి."

"ఏం, నాకెందుకు కాదు?"

"అది కాకి మాట నమ్మేవాళ్లకి. తమలాంటివారి కోసం లోపల వేరే గంప దాచాను. దాని సంగతి కాకికి కూడా చెప్పలేదు. నక్కని నమ్మకూడదని తెలిసినవాళ్లకే అది."

"ఆ మాత్రం తెలీదా? నక్కని నేనెందుకు నమ్ముతాను!" అంటూనే చుక్కమ్మ తన ఏడు గుడ్లూ ఒక్కొక్కటే దొర్లించుకుంటూ తోటలోని ఆ గంపలోకి చేర్చింది.

"చుక్కీ, ఆగవే! వచ్చి నిన్నూ పొడవమంటావా?" అని అరిచాయి మిగతా రెండూ.

"నన్నా? నేను మోసపోయే రకమా?"

షికారు ముగించి సాయంత్రం వెళ్లేసరికి గంప ఖాళీ. జంబయ్య పొట్ట నిమురుకుంటున్నాడు.

"పిల్లలేవయ్యా?"

"తెలివైన తల్లి పిల్లలు కదండీ! పుట్టగానే ఎటో వెళ్లిపోయారు."

"మరి నా పిల్లలంటే ఏమనుకున్నావు!" అంది చుక్కమ్మ, మెడ నిక్కించి. ఆ మెడ దించకుండానే తోటంతా తిరుగుతూ పిల్లల్ని పిలిచింది. చూసి ఎద్దు మొదట నవ్వింది, తర్వాత నవ్వలేకపోయింది. పాకలో మాత్రం నెత్తిన ఈకలు రాలిపోయిన రెండు కోళ్లూ గుడ్ల మీద గట్టిగా కూర్చునే ఉన్నాయి.

నీతి: పడిపోతానేమోనని భయపడేవాడు పక్కవాడి చెయ్యి పట్టుకుంటాడు, నేను పడనుగాక పడననేవాడికి నక్క చెయ్యే దొరుకుతుంది.