అట్ట వెనక పాచిక

మచిలీపట్నంలో పతంజలి అనే డ్రాయింగు మాస్టారు ఉండేవాడు. చాలా మంచివాడే కానీ, ఎదుటివాళ్ళ మొహం చిన్నబోతే చూడలేక అబద్ధం చెప్పేసేవాడు.

ఆదివారం మధ్యాహ్నాలు ఆయన తన మేడగదిలో ఒక కథల ఆట ఆడించేవాడు. అందులో ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర అవుతారు. ఆ పాత్ర ఏం చేయాలన్నది ఆడేవాళ్ళ ఇష్టం. చేసిన పని ఫలించిందా లేదా అన్నది మాత్రం ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పన్నెండు గానీ అంతకు మించి గానీ పడితే ఫలించినట్టు, తక్కువ పడితే బెడిసినట్టు. పాచిక పతంజలే వేసేవాడు. ముందు ఒక అట్ట నిలబెట్టుకుని, దాని వెనక వేసి, ఎంత పడిందో పైకి చెప్పేవాడు.

ఆడటానికి ముగ్గురు వచ్చేవారు. రిటైరైన లెక్కల టీచరు మంగతాయారు కథలో వైద్యురాలు. కరెంటు పనులు చేసే ఇంతియాజ్ సైనికుడు. డిగ్రీ చదువుతున్న నీరజ రాయబారి.

నీరజకు నత్తి ఉండేది. ఇంట్లో ఆమె ఒక మాట మొదలుపెడితే చాలు, అమ్మో నాన్నో అన్నో దాన్ని పూర్తి చేసేసేవారు. ప్రేమతోనే చేసేవారు. ఈ గదిలో మాత్రం ఎంతసేపు పట్టినా అందరూ ఆగి వినేవారు. అందుకే ఆమె ఏరికోరి రాయబారి పాత్ర తీసుకుంది.

కథలో శత్రువులు ఒక కోటను చుట్టుముట్టారు. లోపల తాగడానికి నీళ్ళు లేవు. రాయబారి ఒంటరిగా బయటికొచ్చి, ఏటి దారి విడవమని శత్రు సేనాపతిని అడిగింది. ఆగుతూ, తడబడుతూ నీరజ ఐదు నిమిషాలు మాట్లాడింది. చాలా బాగా మాట్లాడింది. పతంజలి పాచిక వేశాడు. ఐదు పడింది. ఆయన నీరజ మొహంలోకి చూశాడు.

"పదిహేడు" అన్నాడు.

ఇంతియాజ్ ఈల వేశాడు. మంగతాయారు నీరజ వీపు తట్టింది.

మరుసటి వారం నీరజ మెట్లెక్కుతూనే చెప్పింది. "సార్, కా... కాలేజీ సెమినార్‌కి పేరిచ్చాను. సేనాపతే విన్నాడు కదా, వీళ్ళు వి... వినరా అనిపించింది."

పతంజలికి ఆ రోజంతా కడుపు నిండినట్టయింది. చిన్న అబద్ధంతో ఇంత మేలు జరిగితే తప్పేముంది అనుకున్నాడు. ఇక అప్పటినుంచి ఎవరికి ఎంత పడినా తనకు తోచిన అంకె చెప్పసాగాడు. సైనికుడికి బాణం తగలడం మానేసింది. వైద్యురాలి మందు ఒక్కసారీ వికటించలేదు.

సెమినార్ శుక్రవారం అనగా, అంతకుముందు ఆదివారం ఆట మధ్యలో కరెంటు పోయింది. కిటికీ వెలుగులోనే ఆడుతున్నారు. కోట తలుపు తీయమని రాయబారి కాపలావాణ్ణి ఒప్పిస్తోంది. పతంజలి పాచిక వేసి "పదహారు" అన్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటొచ్చి ఫ్యాను గిర్రున తిరిగింది. ఆ గాలి విసురుకి అట్ట బోర్లా పడింది.

పాచిక మీద మూడు ఉంది.

నీరజ పాచికనే చూస్తూ అడిగింది. "సే... సేనాపతి ముందు..."

"సేనాపతి ముందు ఎంత పడిందని అడుగుతోంది" అన్నాడు ఇంతియాజ్, ఆమెకు సాయం చేద్దామని.

నీరజ చెయ్యెత్తి అతన్ని ఆపింది. "సేనాపతి ముందు ఎంత ప... పడింది సార్?"

అప్పటి పదిహేడు నిజమే, ఈ ఒక్కసారే అబద్ధం చెప్పానంటే ఆమె నమ్మేదే. శుక్రవారం ధైర్యంగా వేదిక ఎక్కేది కూడా. పతంజలి నాలుక చివరిదాకా ఆ మాట వచ్చింది. కానీ ఆమె తన ప్రశ్నను తనే పూర్తి చేయడానికి పడిన కష్టం ఆయన కళ్ళారా చూశాడు. దానికి మళ్ళీ అబద్ధంతో బదులివ్వలేకపోయాడు.

"ఐదు పడిందమ్మా" అన్నాడు. "నువ్వు బాధపడతావని పదిహేడని చెప్పాను."

నీరజ సంచి తీసుకుని లేచింది. "ఇంట్లో నా మా... మాట వాళ్ళు పూర్తి చేస్తారు. ఇక్కడ నా పాచిక మీరు పూర్తి చేశారు" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మంగతాయారు పతంజలి వైపు తిరిగింది. "నా వైద్యురాలి చేయి తిరిగిందని మురిసిపోయాను నాయనా. అది నా తెలివో, నీ దయో ఇప్పుడెలా తెలుసుకోను?"

శుక్రవారం పతంజలి బళ్ళో పిల్లలతో బొమ్మలు వేయిస్తూ పది సార్లు గడియారం చూశాడు. ఆ పిల్ల వేదిక ఎక్కిందో, తన మూలంగా పేరు తీయించుకుందో తెలియలేదు.

ఆదివారం ఆయన అట్టను మడిచి అటక మీద పడేశాడు. పాచికను బల్ల మధ్యలో పెట్టాడు. మంగతాయారు, ఇంతియాజ్ వచ్చారు. ముగ్గురూ గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. నీరజ వచ్చింది.

"మాట్లాడాను సార్" అంది కూర్చుంటూ. "ముందు మానేద్దామనుకున్నా. పాచిక అబద్ధమే కానీ, ఆ ఐదు నిమిషాల మా... మాటలు నావే కదా అనిపించి వెళ్ళాను. ఇద్దరు నవ్వారు. చివరి పేజీ చదవకుండానే గంట కొ... కొట్టేశారు. చదివినంత మటుకు నేనే చదివాను."

పతంజలి చేతులు జోడించాడు. "క్షమించు తల్లీ. ఇకనుంచి ఎవరి పాచిక వాళ్ళే, అందరి ముందూ వేస్తారు."

ఆట మొదలైంది. కోటలోని జనం సొరంగంలోంచి పారిపోతున్నారు. వాళ్ళు దాటేదాకా శత్రువులను మాటల్లో పెట్టాలని రాయబారి ద్వారం దగ్గర నిలబడింది. నీరజ మాట్లాడింది, పాచిక వేసింది. పద్నాలుగు. జనమంతా దాటారు. తను తప్పించుకోవడానికి మళ్ళీ వేసింది. పాచిక బల్లంతా దొర్లి రెండు దగ్గర ఆగింది.

పతంజలి ఉన్నదున్నట్టే చెప్పాడు. "రాయబారి అక్కడే నేలకొరిగింది."

ఇంతియాజ్ కళ్ళు తుడుచుకున్నాడు. నీరజ కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. కానీ ఆమె నవ్వుతోంది.

"థాంక్స్ సార్" అంది. "ఆ పద్నాలుగు నా... నాదే."

"నేనే నీకు చెప్పాలమ్మా థాంక్స్" అన్నాడు పతంజలి. "నువ్వు అడక్కపోతే, మీ ముగ్గురి ఆటా నేనొక్కణ్ణే ఆడేసేవాణ్ణి."

మంగతాయారు కొత్త కాగితం తీసి నీరజ ముందుకు జరిపింది. "ఈసారి ఏ పాత్ర తీసుకుంటావు?" అని అడిగి, ఆమె చెప్పేదాకా ఓపికగా ఆగింది.

నీతి: జాలితో చేసినా మోసం మోసమే; ఎదుటివారిని నిజంగా గౌరవించేవాడు వారి గెలుపునూ ఓటమినీ వారికే వదిలిపెడతాడు.