వరహాలమ్మ విన్న రెండో అంకె

అనగనగనగా, చుట్టూ గోదారి నీళ్ళే ఉండే ఒక లంక ఊరు ఉండేది, బంగారూ. ఆ ఊరి రేవులో వరహాలమ్మ అని ఒకావిడ పడవ నడిపేది. ఏరు దాటాలంటే అందరికీ ఆ పడవే గతి.

ఒకరోజు పొద్దున్నే సత్తిరాజుగారి కుటుంబమంతా మేళంతో సహా రేవులోకి దిగింది. ఆయన కూతురు అనంతలక్ష్మికి ఆవేళే పెళ్ళి. అవతలి గట్టున, మగపెళ్ళివారింట్లో. ముహూర్తం పదకొండింటికి.

అప్పుడు రేవులో మైకు మోగింది. "ఈరోజు గాలి గంటకి పాతిక కిలోమీటర్లు. అప్పుడప్పుడు యాభై దాకా. మధ్యాహ్నం రెండు దాటాక తగ్గుతుంది."

"పాతికేగా! రోజూ వీచేదే. పడవ తియ్యి, వరహాలూ" అన్నారు సత్తిరాజుగారు.

వరహాలమ్మ కదల్లేదు. "పాతిక అనేది ఎక్కువా తక్కువా కలిపి చెప్పే సగటు లెక్కండి. నా భయమల్లా ఆ అప్పుడప్పుడొచ్చే యాభైతోనే" అంది.

ఎందుకంటే, అంతకు ముందేడు ఆవిడ కూడా మొదటి అంకె విని బయల్దేరింది. నడి ఏట్లో ఒక్క విసురొచ్చి పడవని పక్కకి పడేసింది. ఆవిడా, మొగుడూ తెడ్లు పట్టుకుని ఈదుకుంటూ బతికి బయటపడ్డారు. ఇప్పుడేమో ఇరవై మంది. అందులో నలుగురు చంటిపిల్లలు.

కాసేపటికి నీళ్ళ మీద నల్లటి నీడలాంటిది పరుగెత్తుకొచ్చింది. వెంటనే గాలి విసిరింది. మేళగాడి తలపాగా ఎగిరి ఏట్లో పడింది. అంతే, మళ్ళీ గాలి నెమ్మదించింది.

"ఆగిపోయిందిగా, పద!" అన్నారు సత్తిరాజుగారు.

"ఇంకాసేపు చూద్దామండి."

ఆ తర్వాత రెండో విసురు వచ్చింది. రేవులో వేసిన తాటాకు పందిరి లేచి బురదలో కూలబడింది. మళ్ళీ అంతా నెమ్మదించింది.

సత్తిరాజుగారికి ఒళ్ళు మండింది. "నా కూతురి పెళ్ళి ఆపుతావా? నువ్వు రాకపోతే నేనే నడుపుకుంటా!" అని పడవలో కాలు పెట్టారు.

అప్పుడు వరహాలమ్మ పడవ తాడు మీదే కూర్చుంది. ఇంక గాలి రాకపోతే? ముహూర్తం తప్పిందని ఊరు ఊరంతా తననే ఆడిపోసుకోదూ? అయినా లేవలేదు.

"నాన్నా, దిగండి. ఆవిడ ఊరికే చెప్పదు" అంది పెళ్ళికూతురు.

ఆయన విసుక్కుంటూ దిగారు. దిగీ దిగగానే మూడో విసురు! పక్కనే కట్టి ఉన్న ఖాళీ దోనెని ఎత్తి బోర్లా పడేసింది. వరహాలమ్మ పడవలోకి మోకాలెత్తు నీళ్ళు కొట్టాయి.

సత్తిరాజుగారు ఒక చంటిపిల్లని ఎత్తుకుని, అలాగే ఇసకలో కూలబడిపోయారు.

ఆ తర్వాత పురోహితుడికి ఫోన్ చేశారు. సాయంత్రం నాలుగున్నరకి ఇంకో ముహూర్తం ఉందన్నాడు. అందరూ అక్కడే పులిహోర పొట్లాలు విప్పుకు తిన్నారు. వరహాలమ్మ పడవలో నీళ్ళు తోడుకుంది.

రెండు దాటింది. అయినా ఆవిడ తొందరపడలేదు. నీళ్ళ మీద నల్లటి నీడ మళ్ళీ కనపడుతుందేమోనని చూస్తూ కూర్చుంది. మూడింటిదాకా ఒక్కటీ రాలేదు.

సత్తిరాజుగారు దగ్గరికొచ్చి, మెల్లిగా అడిగారు. "ఇప్పుడు ఎక్కమంటావా, అమ్మా?"

"ఎక్కండి బాబూ!" అంది వరహాలమ్మ నవ్వుతూ.

ఏరు పళ్ళెంలో నీళ్ళలా ఉంది. చంటిపిల్లలు ఒళ్ళోనే నిద్రపోయారు. అవతలి గట్టున పెళ్ళికొడుకు వాళ్ళమ్మ మోకాళ్ళలోతు నీళ్ళలోకి ఎదురొచ్చి, కోడల్ని గట్టిగా వాటేసుకుంది. ఒక్కొక్కరే దిగారు. వరహాలమ్మ లెక్కపెట్టుకుంది. ఇరవైకి ఇరవై మందీ ఉన్నారు. అప్పుడు ఆవిడ తెడ్డు వదిలి, పొద్దున్నించీ బిగబట్టుకున్న ఊపిరి హాయిగా వదిలింది.

కథేమో కంచి దారి పట్టింది,
పడవేమో గట్టును ముట్టింది,
మా బంగారు కంటి తలుపుని
నిద్రమ్మ వచ్చి తట్టింది.